చైనా వైద్యగ్రంథాల్లో సంతానచికిత్స: సూది పాతది, వాగ్దానం కొత్తది

వ్యాససంగ్రహం

సంతానం కోసం ఐ.వి.ఎఫ్. చికిత్స పొందే స్త్రీలకు ఆక్యుపంక్చర్‌ను తోడుచికిత్సగా సూచించడం గత రెండు దశాబ్దాల్లో అనేక దేశాల్లో వాడుకలోకి వచ్చింది. 'వేల సంవత్సరాల అనుభవం' అనే మాట ఈ చికిత్సకు ప్రధాన సమర్థనగా వినిపిస్తుంది. ఆ మాటలో నిజమెంతో చైనా వైద్యగ్రంథాల క్రమంలోనే పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశ్యం. ప్రాచీన గ్రంథాల్లో సంతానచికిత్స ప్రధానంగా ఔషధాలతోనూ ఋతుక్రమాన్ని సరిదిద్దడంతోనూ ముడిపడి ఉందనీ, సూదికి అందులో చిన్న స్థానమే ఉందనీ, నేటి పద్ధతి 2002లో రూపుదిద్దుకున్నదనీ ఈ వ్యాసం నిరూపిస్తుంది. సంతానహీనతకు బాధ్యులెవరన్న ప్రశ్నకు ఆ గ్రంథాలు ఇచ్చిన సమాధానాలు కాలక్రమంలో ఎలా మారాయో కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: చైనా సంప్రదాయ వైద్యం, ఆక్యుపంక్చర్, సంతానహీనత, సున్ సిమియావ్, ఫూ షాన్, ఐ.వి.ఎఫ్.

1. ఉపోద్ఘాతం

ఒక శాస్త్రగ్రంథం ఏ విషయాన్ని ముందు చెప్పింది, దేన్ని వెనక్కి నెట్టింది, దేన్ని అసలే చెప్పలేదు అన్నవి గ్రంథపరిశీలకుడు మొదట వేసుకోవలసిన ప్రశ్నలు. సాహిత్య విద్యార్థులు కావ్యాలకు, లక్షణగ్రంథాలకు వర్తింపజేసే ఈ పద్ధతి వైద్యగ్రంథాలకూ వర్తిస్తుంది. అధ్యాయాల క్రమంలో ఆ కాలపు సమాజం, దాని భయాలు, దాని ఆశలు కనిపిస్తాయి.

చైనాలో స్త్రీవైద్య చరిత్రపై విలువైన పరిశోధన జరిగింది. సోంగ్ కాలం నుండి మింగ్ కాలం వరకు స్త్రీశరీర భావన ఎలా మారిందో షార్లెట్ ఫర్త్ 1999లో వెలువడిన గ్రంథంలో వివరించారు. చింగ్ కాలపు ప్రసూతివైద్యాన్ని యీ-లీ వూ 2010లో ప్రచురించిన గ్రంథంలో పరిశీలించారు. ఆ కృషి వేసిన బాటలోనే నడుస్తూ, ఈ వ్యాసం ఒక్క ప్రశ్నకు పరిమితమవుతుంది: పిల్లలు కలగని దంపతుల విషయంలో ఈ గ్రంథాలు ఎవరికి చికిత్స చేశాయి, దేనితో చేశాయి?

2. తొలి గ్రంథాలు: కాలం, నాడి, నిప్పు

1973లో చైనాలోని చాంగ్షా నగర సమీపాన మావాంగ్దుయి మూడవ సమాధిని తవ్వినప్పుడు పట్టువస్త్రాలపై రాసిన వైద్యగ్రంథాలు బయటపడ్డాయి. ఆ సమాధిని క్రీ.పూ. 168లో మూసివేశారు. వాటిలో ఒకటి గర్భాన్ని గురించిన గ్రంథం. నెలనెలా పిండం ఎలా రూపుదిద్దుకుంటుందో, గర్భిణి ఏమి తినాలో, సంతానం కోసం ఏ యోగాలు వాడాలో అందులో ఉంది. అదే సమాధిలో దొరికిన నాడీగ్రంథాలు పదకొండు నాడులను వర్ణించాయి. అయితే వాటిలో చెప్పిన చికిత్స సూది కాదు, కాపడం. మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి, నూరి, ఉండచేసి శరీరంపై కాల్చే ఈ పద్ధతిని నేడు 'మోక్సా' అంటున్నారు. అంటే సంతానం గురించిన చింత, నాడుల భావన రెండూ ఉన్న ఆ గ్రంథసముదాయంలో సూదిచికిత్స కనిపించదు.

సూదికి సిద్ధాంతబలం 'హువాంగ్‌ది నెయ్‌జింగ్' అనే సంకలనంతో వచ్చింది. క్రీస్తుకు పూర్వపు చివరి రెండు శతాబ్దాల ప్రాంతంలో కూర్చినట్లు భావించే ఈ గ్రంథంలోని 'సూవెన్' భాగం మొదటి అధ్యాయం స్త్రీజీవితాన్ని ఏడేసి సంవత్సరాలుగా, పురుషజీవితాన్ని ఎనిమిదేసి సంవత్సరాలుగా విభజించింది. స్త్రీకి పద్నాలుగో ఏట 'తియెన్‌గ్వెయ్' అనే ప్రజననశక్తి వస్తుంది. 'రెన్' నాడి తెరుచుకుంటుంది. 'చోంగ్' నాడి నిండుతుంది. ఋతువు ఆరంభమై సంతానయోగ్యత కలుగుతుంది. నలభైతొమ్మిదో ఏట అది ముగుస్తుంది. పురుషునికి పదహారో ఏట మొదలై అరవైనాలుగో ఏటికి క్షీణిస్తుంది. ఈ శక్తికి మూలం మూత్రపిండాలు. నేటికీ చైనా వైద్యులు సంతానహీనతను 'మూత్రపిండాల లోపం'గా వివరించడానికి పునాది ఇదే. ఆధునిక వైద్యంలోని మూత్రపిండానికీ ఈ భావనకూ పేరు ఒకటే, అర్థం వేరు.

ఇక్కడ రెండు అంశాలు గమనించదగినవి. మొదటిది, సంతానయోగ్యతకు స్త్రీకే కాక పురుషునికి కూడా వయఃపరిమితి చెప్పడం. రెండవది, సంతానహీనతను నాడితో ముడిపెట్టడం. వెన్నెముక వెంట సాగే 'దూ' నాడి చెడితే స్త్రీకి గర్భం రాదని 'సూవెన్'లోనే మరొక అధ్యాయం చెబుతుంది. మన సుశ్రుతసంహిత గర్భోత్పత్తికి ఋతువు, క్షేత్రం, అంబువు, బీజం అనే నాలుగింటిని కారణాలుగా చెప్పిన సంగతి తెలుగు పాఠకులకు తెలుసు. సుశ్రుతుని ఉపమానం సేద్యానిది. 'సూవెన్' వర్ణన నిండుతూ తగ్గుతూ ఉండే ప్రవాహానిది. ఉపమానం వేరైనందువల్ల చికిత్సామార్గమూ వేరైంది: ప్రవాహం ఎక్కడ ఆగింది, ఎక్కడ చల్లబడింది, ఎక్కడ ఎండింది అని వెదకడమే చైనా వైద్యుని పని.

3. ఔషధానిదే పెద్దపీట

క్రీ.శ. 200 ప్రాంతానికి చెందిన ఝాంగ్ ఝోంగ్‌జింగ్ పేరుతో నిలిచిన 'జిన్‌గ్వెయ్ యావ్‌లుయె'లో స్త్రీరోగాలకు మూడు అధ్యాయాలు ఉన్నాయి. వాటిలోని 'వెన్‌జింగ్ తాంగ్' అంటే 'ఋతువును వెచ్చబరచే కషాయం'. పొత్తికడుపు చల్లబడి చాలాకాలంగా గర్భం నిలవని స్త్రీకి కూడా ఇది పనికివస్తుందని గ్రంథం చెబుతుంది. పన్నెండు ద్రవ్యాల ఈ యోగం నేటికీ వాడుకలో ఉంది.

సూదిచికిత్సకు ప్రత్యేకించిన గ్రంథాల్లో పూర్తిగా లభిస్తున్న తొలి క్రమబద్ధ రచన హువాంగ్‌ఫూ మీ (215–282) కూర్చిన 'ఝెన్‌జియు జియాయీ జింగ్'. దీని చివరి సంపుటంలో స్త్రీరోగాల ప్రకరణం ఉంది. గర్భం రాని స్త్రీకి అందులో చెప్పిన స్థానాల్లో 'గ్వాన్‌యువాన్' ముఖ్యమైనది. బొడ్డుకు దిగువన, మధ్యరేఖపై ఉన్న స్థానమిది. లోపల గడ్డకట్టిన రక్తం దిగకపోవడం వల్ల కలిగే సంతానహీనతకు దాన్ని విధించారు. కాబట్టి సంతానం కోసం సూది వాడారన్నది నిరాధారం కాదు. అయితే అది ఒక రోగలక్షణానికి ఒక స్థానాన్ని చూపే చిన్న విధివాక్యం మాత్రమే. విస్తృతమైన చర్చ, భేదాల వివరణ, యోగాల వైవిధ్యం అన్నీ ఔషధగ్రంథాల్లోనే ఉన్నాయి.

4. సున్ సిమియావ్: దంపతులిద్దరూ రోగులే

తాంగ్ కాలపు వైద్యుడు సున్ సిమియావ్ (మరణం 682) సుమారు 652లో పూర్తిచేసిన 'బెయ్‌జీ చియెన్‌జిన్ యావ్‌ఫాంగ్' ముప్పై సంపుటాల బృహద్గ్రంథం. వైద్యధర్మాలను చెప్పే తొలి సంపుటం ముగియగానే ఆయన స్త్రీచికిత్సలను చేర్చాడు. పురుషుల, వృద్ధుల రోగాల కన్నా స్త్రీల, శిశువుల రోగాలను ముందు ఉంచడం ఆయన చేసిన ప్రత్యేక నిర్ణయం. ఆ స్త్రీప్రకరణంలోనూ మొట్టమొదటి శీర్షిక 'సంతానాన్ని కోరడం'.

ఆ శీర్షిక కింద ఆయన చేసిన ప్రతిపాదన చాలా విలువైనది. సంతానం లేకపోవడానికి భార్యాభర్తలిద్దరిలోని శ్రమ, క్షయం, బలహీనతలు కారణమని ఆయన భావించాడు. అందుకు తగినట్లే భర్తకు 'ఏడు గింజల చూర్ణం' విధించాడు. భార్యకు గర్భాశయశుద్ధికి కషాయం, ఆ తరువాత గుళికలు విధించాడు. గ్వాన్‌యువాన్ వంటి స్థానాలపై మోక్సా కాపడాన్ని కూడా చెప్పాడు. సంతానహీనతకు చికిత్స అంటే దంపతుల చికిత్స అనే భావన ఏడవ శతాబ్దపు గ్రంథంలో ఇంత స్పష్టంగా ఉండడం ఆలోచింపజేస్తుంది.

అదే కాలపు ధర్మశాసనాన్ని దీని పక్కన పెట్టి చూస్తే ఆ ప్రతిపాదన విలువ ఇంకా బాగా తెలుస్తుంది. భార్యను విడిచిపెట్టడానికి తాంగ్ శాసనం అంగీకరించిన ఏడు కారణాల్లో సంతానం లేకపోవడం ఒకటి. శాసనం దోషాన్ని భార్యపై మోపింది. వైద్యుడు భర్తకూ మందు ఇచ్చాడు. ఒకే సమాజంలో, ఒకే శతాబ్దంలో ఈ రెండూ ఉన్నాయి.

5. ఋతువు నుండి మనసు వరకు

సోంగ్ కాలంలో స్త్రీవైద్యం ప్రత్యేక శాఖగా స్థిరపడింది. చెన్ జిమింగ్ 1237లో రచించిన 'ఫూరెన్ దాచువాన్ లియాంగ్‌ఫాంగ్'లో ప్రకరణాల క్రమం చూడదగినది. మొదట ఋతువును సరిదిద్దడం, తరువాత ఇతర రోగాలు, ఆ తరువాతనే సంతానాన్ని కోరడం, ఆపైన గర్భస్థశిశువు శిక్షణ, గర్భధారణ, ప్రసవం. సున్ సిమియావ్‌లో మొదటి స్థానంలో ఉన్న సంతానం ఇక్కడ మూడవ స్థానానికి వచ్చింది. ఋతువు కుదిరితే గర్భం దానంతట అదే కుదురుతుందనే ఆలోచన ఈ క్రమంలో ఉంది. వైద్యపరంగా ఇది పురోగతి. అయితే దీనికి మరొక ఫలితం కూడా ఉంది. ఋతువు స్త్రీకే ఉంటుంది కనుక, చికిత్సకు ద్వారం ఋతువైనప్పుడు భర్త ఆ ద్వారం బయటే ఉండిపోతాడు.

యువాన్ కాలంలో ఝూ ఝెన్‌హెంగ్ (1281–1358) సంప్రదాయం స్థూలకాయం గల స్త్రీలలో కొవ్వు, కఫం పేరుకుని గర్భాశయాన్ని మూసివేస్తాయని చెప్పింది. నేటి చైనా వైద్యులు పీసీఓఎస్ అనే రుగ్మతను వివరించేటప్పుడు తరచుగా ఈ భావననే ఆశ్రయిస్తారు. రెండూ ఒకటేనని చెప్పడం మాత్రం చారిత్రకంగా సరికాదు.

మింగ్ కాలంలో వంశాభివృద్ధికి సంబంధించిన గ్రంథాలు విరివిగా వచ్చాయి. వాటిలో పదహారవ శతాబ్దపు వైద్యుడు వాన్ చువాన్ రచన ప్రసిద్ధం. ప్రజననశక్తి లేని స్త్రీలలో ఐదు రకాలను, పురుషులలో ఐదు రకాలను ఆయన చెప్పాడు. 1578లో 'బెన్‌త్సావ్ గాంగ్‌మూ'ను పూర్తిచేసిన లీ షిఝెన్ కూడా ఈ విభాగాన్ని చర్చించాడు. పురుషలోపాన్ని గ్రంథాలు పూర్తిగా మరచిపోలేదని దీనివల్ల తెలుస్తుంది. అయితే ఆ పురుషులు పుట్టుకతోనే 'పురుషులు కానివారు'గా వేరుపడ్డారు. సాధారణ భర్తపై అనుమానం రావడం తగ్గింది.

ఈ పరిణామానికి పరాకాష్ఠ ఫూ షాన్ (1607–1684) పేరుతో ప్రసిద్ధమై 1827లో ముద్రితమైన 'ఫూ చింగ్‌ఝూ న్యూకె'. సంతానప్రకరణంలో ఇది పది రకాల సంతానహీనతలను వివరిస్తుంది: శరీరం చిక్కిపోవడం, పొత్తికడుపు చల్లబడడం, స్థూలకాయం, రాత్రిళ్లు లోజ్వరం మొదలైనవి. పదింటిలోనూ రోగి స్త్రీయే. ఆ పదింటిలో ఒకటి 'అసూయ వల్ల కలిగే సంతానహీనత'. అణగిన మనోవేదన కాలేయపు 'చీ'ని బంధిస్తుందనీ, దానివల్ల గర్భం నిలవదనీ గ్రంథకర్త వాదన. ఆ బంధాన్ని విప్పడానికి ఒక కషాయం విధించాడు. దుఃఖానికీ దేహానికీ సంబంధం ఉందని గుర్తించడం అందులోని సూక్ష్మత. కాని సంతానం లేని భర్త మరొక స్త్రీని ఇంటికి తెచ్చుకోవడం ఆచారమైన సమాజంలో భార్య పడే వేదనకు 'అసూయ' అనే పేరు పెట్టి, దాన్నే ఆమె గర్భం రాకపోవడానికి కారణంగా చెప్పడం వైద్యమా, తీర్పా అన్నది ఆలోచించవలసిన విషయం. పరిస్థితి కలిగించిన వేదన ఇక్కడ ఆమె దోషంగా నమోదైంది.

6. సూది పతనం, పునరుత్థానం

ఇంత కాలంలో సూది ఎక్కడ ఉంది? సోంగ్ కాలంలో, 1020ల్లో వాంగ్ వెయ్‌యీ స్థానాలను చూపే కంచుబొమ్మలు పోయించాడు. ఆ తరువాత పండితవైద్యుల దృష్టి క్రమంగా ఔషధాలవైపు మళ్లింది. 1822లో చింగ్ చక్రవర్తి దావ్‌గ్వాంగ్ రాజవైద్యాలయంలోని సూదిచికిత్సా విభాగాన్ని రద్దుచేశాడు. 1929లో యూ యున్‌శియు సంప్రదాయ వైద్యాన్నే నిర్మూలించాలని ప్రతిపాదించగా, మార్చి 17న వైద్యులు షాంఘైలో సమావేశమై దాన్ని ఎదిరించారు. 1930ల్లో చెంగ్ దాన్‌ఆన్ (1899–1957) స్థానాలను శరీరనిర్మాణశాస్త్రం ప్రకారం తిరిగి వివరించి, సన్నని లోహపు సూదుల వాడకాన్ని వ్యాప్తిచేశాడు. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌ఝౌ, చెంగ్దూ నగరాల్లో సంప్రదాయ వైద్యకళాశాలలు ఏర్పడ్డాయి. నేడు మనం చూసే 'చైనా సంప్రదాయ వైద్యం' అనే పాఠ్యక్రమం ఈ కాలపు నిర్మాణం.

భారతదేశానికి ఈ చికిత్స రావడంలోనూ ఈ కాలపు చరిత్రే ఉంది. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్యబృందంలో ద్వారకానాథ్ కోట్నీస్‌తో పాటు ఉన్న బిజయ్ కుమార్ బసు, 1950ల చివర చైనాలో ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో దాన్ని ప్రవేశపెట్టారు. పాశ్చాత్య దేశాల్లో ఆసక్తి పెరగడానికి 1971 జూలైలో 'న్యూయార్క్ టైమ్స్'లో జేమ్స్ రెస్టన్ రాసిన వ్యాసం కారణమైంది. బీజింగ్‌లో శస్త్రచికిత్స తరువాత తనకు కలిగిన అసౌకర్యాన్ని సూదులతో తగ్గించారని ఆయన రాశాడు. ఈ రెండు సందర్భాల్లోనూ సంతానం ప్రస్తావన లేదు.

7. 2002: కొత్త పద్ధతి

1978లో ఇంగ్లండులో తొలి ఐ.వి.ఎఫ్. శిశువు జన్మించింది. చైనా ప్రధానభూభాగంలో తొలి శిశువు 1988లో బీజింగ్‌లో, స్త్రీవైద్యురాలు ఝాంగ్ లీఝూ కృషితో జన్మించింది. ఒకే సంతానం విధానం అమల్లో ఉన్న దేశంలో ఆ ఒక్క సంతానమూ లేని స్త్రీల వేదనకు ఆ పరిశోధన సమాధానం వెదికింది.

ఐ.వి.ఎఫ్., సూది కలిసిన చోటు జర్మనీలోని ఉల్మ్. వోల్ఫ్‌గాంగ్ పౌలుస్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో 160 మంది స్త్రీలు పాల్గొన్నారు. పిండప్రవేశానికి ముందు, తరువాత 25 నిమిషాల చొప్పున సూదులు పెట్టిన వారిలో 42.5 శాతం మందికి, పెట్టని వారిలో 26.3 శాతం మందికి గర్భం వచ్చింది. నేడు ప్రపంచమంతటా సంతానకేంద్రాల్లో కనిపించే 'ముందు ఒకసారి, తరువాత ఒకసారి' అనే క్రమం ఇక్కడ మొదలైంది.

ఈ పద్ధతిని ప్రాచీన గ్రంథాలతో పోల్చితే రెండు విషయాలు తేటపడతాయి. మొదటిది, సంతానం కోసం 'జియాయీ జింగ్' నుండి చెబుతూ వచ్చిన గ్వాన్‌యువాన్ ఈ స్థానాల జాబితాలో లేదు. మోక్సా కాపడం కూడా లేదు. రెండవది, పిండప్రవేశం తరువాత సూది పెట్టిన స్థానాల్లో కాలిమడమ పైభాగాన ఉన్న 'శాన్‌యిన్‌జియావ్', బొటనవేలు చూపుడువేలు మధ్య ఉన్న 'హెగూ' ఉన్నాయి. దక్షిణ రాజవంశాల కాలంలో శూ వెన్‌బో అనే వైద్యుడు సూదులతో ఒక గర్భిణికి గర్భపాతం కలిగించాడనే కథ చైనా చరిత్రగ్రంథాల్లో ఉంది. సోంగ్ కాలపు సూదివైద్యగ్రంథం ఆ కథను ఈ స్థానాలకు అన్వయించింది. అందువల్లనే గర్భిణులకు వీటిని వాడరాదనే నిషేధం సంప్రదాయంలో స్థిరపడింది. గర్భం కుదిరిన తరువాతనే ఆ నిషేధం వర్తిస్తుందని నేటి చికిత్సకులు సమాధానం చెప్పవచ్చు. ఆ వాదన ఎలా ఉన్నా, ఈ పద్ధతిని 'వేల ఏళ్ల నాటిది' అనడం మాత్రం గ్రంథసమ్మతం కాదు.

ఇక ఫలితాల విషయం. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ఏడు ప్రయోగాలను, 1366 మంది స్త్రీలను పరిశీలించి అనుకూలంగా చెప్పింది. తరువాతి పెద్ద ప్రయోగాలు దానిని బలపరచలేదు. 2017లో 'జామా' పత్రికలో వెలువడిన అధ్యయనం చైనాలోనే, 27 ఆసుపత్రుల్లో, పీసీఓఎస్ ఉన్న 1000 మంది స్త్రీలపై జరిగింది. అండం విడుదలకు వాడే క్లోమిఫిన్ మందుతో పాటు అసలు సూది పొందినవారిలో 29.4 శాతం, అదే మందుతో పాటు నకిలీ సూది పొందినవారిలో 28 శాతం ప్రసవించారు. మందు లేకుండా సూది పొందినవారిలో అది 13.9 శాతం, సూదీ మందూ రెండూ నకిలీవైన వారిలో 16.8 శాతం. తేడా చూపింది మందే. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది ఐ.వి.ఎఫ్. స్త్రీలపై జరిగిన ప్రయోగంలో సజీవ జననాలు అసలు సూదితో 18.3 శాతం, నకిలీ సూదితో 17.8 శాతం.

నకిలీ సూది కూడా చర్మాన్ని తాకుతుంది కనుక దానికీ కొంత ప్రభావం ఉండవచ్చని చికిత్సకులు వాదిస్తారు. ప్రతి స్త్రీకీ ఒకే స్థానాలు వాడడం సంప్రదాయానికి విరుద్ధమని కూడా అంటారు. రెండవ వాదనలో చారిత్రక సత్యం ఉంది: ఫూ షాన్ పది భేదాలు చెప్పింది ఒక్కొక్కరికి ఒక్కో చికిత్స కోసమే. కాని మొదటి వాదన నిలిస్తే, స్థానాలను అంత నిర్దిష్టంగా చెప్పిన గ్రంథాల ప్రమాణమే నిలవదు. చికిత్స సమయంలో ఆందోళన తగ్గి, ఎవరో తమను శ్రద్ధగా చూస్తున్నారన్న ఊరట స్త్రీలకు కలగవచ్చు. ఆ ఊరట విలువైనదే. దాన్ని ఊరటగానే చెప్పాలి, సంతానవాగ్దానంగా కాదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. చైనా వైద్యగ్రంథాల్లో సంతానచికిత్స ప్రాచీనమే. అయితే అందులో ప్రధానమైనవి ఔషధం, ఋతుచికిత్స, మోక్సా. సూది వాటి పక్కన చిన్న భాగం.

2. పిండప్రవేశానికి ముందువెనుకల సూదులు పెట్టే పద్ధతి 2002 నాటిది. ప్రాచీనత దానికి ప్రమాణం కాదు. తరువాతి పెద్ద ప్రయోగాలు దాని వల్ల సజీవ జననాలు పెరుగుతాయని చూపలేదు.

3. సంతానహీనతకు దంపతులిద్దరినీ పరిశీలించాలన్న సున్ సిమియావ్ ప్రతిపాదన తరువాతి గ్రంథాల్లో క్రమంగా బలహీనపడింది. దోషం స్త్రీదేహంలోకి, చివరికి స్త్రీమనసులోకి చేరింది.

ఈ మూడవ అంశం మనకూ పరాయిది కాదు. తెలుగులో 'గొడ్రాలు' అనే మాట ఉంది. దానికి సరిసమానమైన పుంలింగపదం వాడుకలో లేదు. సంతానం కలగని ఇంట పరీక్షలకూ మందులకూ మొక్కులకూ ముందుగా కదిలేది భార్యే. పిండప్రవేశం నాడు పడుకోబెట్టి సూదులు పెట్టేదీ ఆమె దేహానికే. వేల ఏళ్ల సంప్రదాయాన్ని ఉదాహరించదలచుకున్నవారు ఆ సంప్రదాయం నుండి తెచ్చుకోవలసింది సూదిని కాదు. సుమారు 1370 ఏళ్ల క్రితం ఒక వైద్యుడు స్త్రీప్రకరణం మొదటి పుటల్లోనే, భార్య మందు పక్కన భర్త మందును కూడా రాసి ఉంచిన ఆ వివేకాన్ని తెచ్చుకోవాలి.